తూలని మనిషి

నా మొగుడి పేరు బయ్యన్న. నా మొగుడు తాగుబోతు. ఈ రెండో మాట నోటితో అన్నందుకు మా ఊర్లో ఏ ఆడదీ ఏడాదిన్నర నా గడప తొక్కలేదు. మజ్జిగ తోడుకు కూడా రాలేదు. అయినా మళ్ళ అంటాండా. ఊర్లో ఆయప్పను గురించి చెప్పుకునే కథ వేరే ఉండాది. దాంట్లో ఆయప్ప దేవుడు, నేను దయ్యం. వాళ్ళ కథ వాళ్ళు చెప్పుకోనీ, ఎవరొద్దన్నారు. ఇది నేను చెప్పేది. నా పేరు రామసుబ్బమ్మ.

మాది బెళుగుప్ప పక్కన పల్లె. ఎర్రనేల, బుడ్డల పంట, అదే వేరుశనగ. వాన పడితే తింటాం, పడకపోతే బళ్ళారి పక్క కూలికి పోతాం. మాకు ఏడెకరాల మెట్ట, ఒక జత ఎద్దులు. ట్రాక్టర్లు వచ్చినాక ఊర్లో ఎద్దులన్నీ సంతకు పోయినాయి గానీ మా జత పోలేదు. ఎందుకంటే గొర్రు పట్టడంలో నా మొగుడిని మించినోడు ఆ చుట్టుపక్కల లేడు. గొర్రంటే ఎద్దుల వెనక కట్టి ఇత్తనం వేసేది. మొగోడు మేడి పట్టి తోలతాంటే ఆడది పక్కన నడుస్తా పై గిన్నెలో ఇత్తనం వేస్తా పోవాల. ఇరవై నాలుగేండ్లు ఆయప్ప తోలినాడు, నేను వేసినా. ఆయప్ప తోలిన సాలు నూలు పట్టినట్ల ఉంటాండె. పక్క చేన్ల వాళ్ళు గెనిమ మీద నిలబడి చూసి పోతాండ్రి. గెనిమంటే చేనికీ చేనికీ నడుమ ఉండే గట్టు. జానెడు వెడల్పు ఉంటాది. దాని సంగతి ఇంగా చెప్పాల, అదే నా కొంప ముంచింది.

మా ఊర్లో ఏరువాక పున్నమి నాడు మొదటి సాలు ఒకడి చేత వేయిస్తారు. ఎవని చెయ్యి మంచిదో వాన్ని పిలుస్తారు. చేన్లో కోడిని కోసి, భూమికి రోంత మందు వంచి, గొర్రు పట్టబోయే వానికి మొదటి గ్లాసు నిండుగా ఇస్తారు. వాడు దాన్ని గుక్కలో తాగి గెనిమ మీద ఈ కొన నుంచి ఆ కొనకు నడవాల. తూలకుండా నడిస్తే గొర్రు చేతికిస్తారు. తూలితే వాడు తాగుబోతు, వాని చెయ్యి ఇత్తనానికి పనికిరాదు. తూలనోడు మొగోడు. మా ఊర్లో తాగుబోతుకు ఉండే కొలత ఇదొక్కటే. ఎంత తాగినాడని అడగరు, ఎప్పుడు తాగినాడని అడగరు, తాగకుండా ఉండగలడా అని అసలే అడగరు. పదిహేడేండ్లు వరసగా ఆ గొర్రు పట్టింది నా మొగుడే.

ఐజాక్ అని ఒకడున్నాడు, కూలికి పోతాడు. వారానికి ఒక్కరోజు, సంత నాడు తాగేవాడు. తాగితే రోడ్డు మధ్యలో కూర్చొని పాటలు పాడేవాడు, లేచి నిలబడబోయి పడేవాడు. వాడు ఊరికి తాగుబోతు. పిల్లోళ్ళు కూడా తాగుబోతు ఐజాక్ అనే పిలుస్తాండ్రి. నా మొగుడేమో పొద్దున పండ్లు తోముకోక ముందర ఒక గ్లాసు, మధ్యాన్నం సంగటి ముందర ఒకటి, పొద్దు గూకితే ఇంగ ఎన్నో చెప్పలేను. కానీ ఏనాడూ తూలలేదు, ఎవరినీ ఒక మాట అనలేదు. కాబట్టి ఆయప్ప పెద్దమనిషి. ఊర్లో కొట్లాటలకు సాక్ష్యానికి పిలుస్తాండ్రి.

ఈ పొద్దుటి గ్లాసు ఆయప్పకు పుట్టుకతో వచ్చింది కాదు. మా పెండ్లైన నాలుగో ఏడు వానలు మొత్తానికే రాలేదు. బళ్ళారి పక్కన మిరపచేన్లకు కూలికి పోయినాం ఇద్దరమూ. ఆ చేన్ల మేస్త్రి పొద్దున్నే మొగోళ్ళకు టీ బదులు సారాయి ప్యాకెట్ చేతిలో పెడతాండె. దాన్ని ఆడ తాగుడు అనరు. ఒళ్ళు కాగేదానికి అంటారు. మూడు నెలలు ఒళ్ళు కాగినాక ఇంటికొచ్చినాం. ఈడికొచ్చినాక ఆ చలి ఆయప్పను వదల్లేదు. మే నెల ఎండలో కూడా పొద్దున్నే చలి పుడతాండె ఆయప్పకు.

దాచేది దేనికి, ఆ గ్లాసు పోసిచ్చింది నేనే. పొద్దున లేస్తానే ఆయప్ప చేతులు అదురుతాండె. కాడి తాడు ముడేయలేకపోతాండె. గ్లాసు లోపలికి పోతే పది నిముషాల్లో చేతులు నిలబడతాండె. నరాల నీరసమేమో, మందే మందు అనుకుంటి. ఎద్దులకు తవుడు పెట్టి, ఆయప్పకు స్టీలు గ్లాసు పెట్టి, ఆ తర్వాతే నేను మొహం కడుగుతాంటి. ఎంత మంచి పెండ్లాన్నో చూడండి.

కళ్యాణదుర్గంలో బదరీనారాయణ శెట్టి అని ఒకాయన ఉన్నాడు. మా బుడ్డలు కొనేది ఆయనే. వాళ్ళింట్లో గుడ్డు పెంకు కనబడితే తలకు పోసుకుంటారు. అట్లాంటి ఇంట్లో పుట్టి ఆయన గోదాము వెనక కారు నిలబెట్టుకొని, అద్దాలెక్కించి, రోజూ రోంత తాగుతాండె. పిల్లి కండ్లు మూసుకొని పాలు తాగినట్ల. ఒకనాడు ఇంట్లో వాసన పట్టినారు. అంతే, కొంపలు మునిగినట్ల ఏడ్చి, కాశీయాత్ర అని ఊరికి చెప్పి బెంగుళూరులో నలభై రోజులు ఆస్పత్రిలో పెట్టినారు. మానేసి వచ్చినాడు. ఆయన తాగింది నా మొగుడు తాగే దాంట్లో సగం కూడా ఉండదు. కళ్యాణదుర్గానికీ మాకూ ఎంత దూరమప్పా? గంట ప్రయాణం. ఆడ రోంత తాగినోన్ని ఆస్పత్రిలో పెట్టిరి, ఈడ రోజంతా తాగినోనికి గొర్రు ఇచ్చిరి.

ఆ శెట్టి ఒకనాడు నన్ను పక్కకు పిలిచి, "అమ్మా, బయ్యన్నకు కూడా ఒకసారి చూపించు. నా మాదిరే ఉన్నాడు" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నా మొగుడు నీ మాదిరి కారులో దూరి దొంగతాగుడు తాగడు శెట్టీ, పదిమంది ముందర తాగుతాడు, తూలకుండా నడుస్తాడు" అంటి. ఆయన తల వంచుకొని లోపలికి పోయినాడు. నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు. ఆ పొద్దు నా నోరు ఊరు కోసం బలే మంచిగా పనిచేసింది.

పోయినేడాదికి ముందేడాది, ఉగాదికి వారం ఉందనంగా, ఎద్దు బెదిరి బండి చక్రం ఆయప్ప కాలి మీద ఎక్కింది. మోకాలి కింద ఎముక విరిగింది. మా బావ హనుమంతరాయుడు, ఆయప్పకు సొంత అన్న, జీపులో వేసుకొని అనంతపురంలో ఎముకల ఆస్పత్రికి తీసుకుపోయినాడు. మా ఊర్లో ఏ పంచాయితీ అయినా ఆయన అరుగు మీదే తెగాల. మీసం దువ్వుకుంటా మాట్లాడతాడు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ పేరు లహరి. పాలకొల్లు పక్క అమ్మాయి, ముప్పై కూడా ఉండవు. కాయితం మీద రాసుకుంటా, "ఆయనకి తాగే అలవాటు ఏమైనా ఉందాండీ?" అని అడిగింది.

మా బావ ఛాతీ విరుచుకొని, "మా వంశంలో తాగుబోతులు లేరమ్మా" అన్నాడు.

ఆ పిల్ల నా పక్క తిరిగి, "మీరు చెప్పండమ్మా" అంది.

"లేదు" అంటి నేను. అబద్ధం చెప్పాలని చెప్పలేదు. తాగే అలవాటంటే ఐజాక్‌కు ఉండేదని నా బుర్రలో ఉండాది. రోడ్డు మీద పడేవాళ్ళకుండే రోగం అది. నా మొగుడు పెద్దమనిషి. ఆ పిల్ల లేదు అని రాసుకొని పోయింది. వాపు తగ్గినాక నాలుగో రోజు ఆపరేషన్ అన్నారు.

మూడో రోజు పొద్దున పది గంటలకు ఆయప్పకు చెమటలు పట్టినాయి. చొక్కా పిండితే నీళ్ళు కారేంత. చేతులు, దవడ, మంచం అన్నీ అదురుతాండాయి. నా పక్క చూసినాడు గానీ నన్ను చూడలేదు. రెండు చేతులూ ముందుకు చాపి, మేడి పట్టినట్ల పిడికిళ్ళు బిగించి, "హో, హో" అని ఎద్దులను అదిలిస్తాండాడు. "సుబ్బా, ఇత్తనం వెయ్యి. పదును పోతాండాది" అన్నాడు. దుప్పటి మీద పోగులు గిల్లి, ఒక్కొక్కటే వేళ్ళ సందులో నుంచి వదుల్తాండాడు. పక్క మంచం ముసలాయనను చూసి, చేన్లో పంది పడింది తోలండి అని అరిచినాడు. విరిగిన కాలుతో దిగబోతే ఇద్దరు మనుషులు అదిమిపట్టుకున్నారు.

మా బావ మీసం మీది చెయ్యి తీసి, "గాలి సోకింది. ఈ మంచం మీద ఎవడో సచ్చింటాడు. బత్తలపల్లె దగ్గర మంత్రం వేసేవాడు ఉన్నాడు, పదండి" అని జీపు తాళాలు తీసినాడు. కాలికి కట్టు, చేతికి సూది, అట్లే తీసుకుపోతాడంట.

లహరి పరుగెత్తుకొని వచ్చింది. ఆయప్ప కంటి రెప్ప ఎత్తి చూసింది, చెయ్యి పట్టుకొని చూసింది, మా ఇద్దరి ముందర నిలబడింది. "రోజూ తాగేవాళ్ళకి ఒక్కసారిగా ఆగిపోతే ఇలా అవుతుంది. ఇంకేదైనా కూడా అయ్యుండొచ్చు. అదో ఇదో నాకు తెలియాలి, లేకపోతే మనిషి చేతికి దక్కడు. నిజం చెప్పండి. రోజూ తాగుతారా?"

"ఏందమ్మా పొద్దస్తమానం తాగుడు తాగుడు అంటావు" అని మా బావ ఎగిరినాడు. "నీకు ముందే చెప్తి కదా."

నాకు ఆ స్టీలు గ్లాసు కండ్ల ముందరకొచ్చింది. మూడు పొద్దులు ఆయప్పకు గ్లాసు లేదు. మూడు పొద్దులు నేను పోసియ్యలేదు. అంతవరకూ రాని లెక్క అప్పుడొచ్చింది నాకు.

"తాగుతాడు" అంటి. "లేస్తానే తాగుతాడు. ఇరవై ఏండ్ల నుంచి తాగుతాడు. నేనే పోసిస్తా. నా మొగుడు తాగుబోతు."

ఆరు మంచాల వార్డు అది. అందరూ విన్నారు. మా బావ చెయ్యెత్తినాడు గానీ చుట్టూ మనుషులుండారని దించుకున్నాడు. "నా తమ్మున్ని కొట్టి సంపినా ఇంత నష్టం ఉండేది కాదు" అని తువ్వాలు దులిపి భుజాన వేసుకొని పోయినాడు. మళ్ళ ఆస్పత్రికి రాలేదు.

లహరి సూదులేసింది. రెండు దినాలు ఆయప్ప నిద్రపోయినాడు, మూడోనాడు కండ్లు తెరిచి, "ఎద్దులకు నీళ్ళు ఎవరు పెడతాండారు?" అని అడిగినాడు. నేను గోడ పక్క తిరిగి ఏడ్చినా.

ఆ మధ్యాన్నం ఆ పిల్ల నాకు కాఫీ తెచ్చిచ్చి పక్కన కూర్చుంది. "మా ఊళ్ళో అయితే ఇంకోలా ఉంటుందమ్మా" అంది. "మా నాన్న పొద్దున్నే తాటికల్లు తాగేవారు. కల్లు మందు కాదు, ఒంటికి చలవ అనేవాళ్ళం. మా బాబాయి ఎప్పుడో పండక్కి బ్రాందీ తాగొస్తే మా అమ్మ గుమ్మం ఎక్కనిచ్చేది కాదు. ముందు పోయింది మా నాన్నే."

నా నోరు ఊరుకుంటాదా. "సదువుకున్న దానివి, మీ నాయనకు చెప్పలేకపోతివా?" అంటి.

"అప్పుడు నాకు పదమూడేళ్ళు" అంది ఆ పిల్ల. నేను కాఫీ తాగి గ్లాసు కడిగిచ్చినా.

మా కూతురు సుష్మ బెంగుళూరులో గార్మెంట్స్‌లో పనిచేస్తాది. వాళ్ళ నాయనను చూడ్డానికొచ్చి, అంతా విని, "ఈడ తూలితే తప్పు. ఆడ మా బస్తీలో శనివారం తాగితే జల్సా, సోమవారం తాగితే రోగం" అంది. ఒక్కొక్క ఊర్లో ఒక్కొక్క గీత గీసుకున్నారు. ఆ గీతకు ఇవతల ఉండేవాడు ఎంత తాగినా మంచోడే. గీతలు గీసేది కూడా తాగేవాళ్ళే కదప్పా, అందుకే ఎవని గీతకు వాడు దొరకడు.

కాలికి ఆపరేషన్ అయినాక, ఇంటికి పంపే రోజు లహరి ఆయప్ప చెయ్యి పట్టుకొని చెప్పింది. "మీ కాలేయం గట్టిపడిపోయింది. ఈ రోజు నుంచి మానేస్తే ఇంకా చాలా ఏళ్ళు బతుకుతారు. మళ్ళీ మొదలుపెడితే ఏడాది కూడా చెప్పలేను. ఒక్క గ్లాసుతోనే మొదలవుతుంది." ఆయప్ప సరేనన్నాడు.

సరేనన్నది నిలబెట్టుకున్నాడు కూడా. ఆస్పత్రివి కూడా కలుపుకొని డెబ్బై తొమ్మిది దినాలు. నేను గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టినా. మొదట్లో పండ్లు కొరుక్కుంటా, గుంజ పట్టుకొని కూర్చుంటాండె. తర్వాత తిండి ఎక్కింది. సంగటి, ఊరిబిండి పెడితే రెండోసారి అడుగుతాండె. పొద్దున చేతులు చూపిస్తాండె నాకు, "చూడు సుబ్బా, నిలబడినాయి" అని. మంచం మీదే కూర్చొని ఎద్దులకు కొత్త పగ్గాలు పేనినాడు. ఇరవై నాలుగేండ్ల కాపురంలో ఆయప్ప దగ్గర మందు వాసన కాకుండా మనిషి వాసన వచ్చింది ఆ డెబ్బై తొమ్మిది దినాలే. ఒకనాడు సుష్మ చిన్నప్పటి సంగతి నేను మర్చిపోయింది ఆయప్ప చెప్పి నవ్వినాడు. ఇన్నేండ్లు నేను ఎవరితో కాపురం చేసినానో అప్పుడు అనుమానం వచ్చింది నాకు.

కానీ ఊరు ఊరుకుంటాదా? మా బావ నేనన్న మాట ఊరంతా వేసినాడు. మొగుడిని తాగుబోతని రాయించిన ఆడది అని కుళాయి దగ్గర నాకు బిందె పెట్టే చోటు లేకుండా చేసినారు. మా తోటికోడలు ఉమాదేవి, మా బావ పెండ్లాము, నన్ను చూస్తే మొహం తిప్పుకుంటాండె. మొగోళ్ళు మా గడప ముందర పోతా పోతా, "ఏమప్పా తాగుబోతూ, కాలెట్లుంది?" అని ఆయప్పను పలకరిస్తాండ్రి. మందు ముట్టకుండా మంచం మీద కూర్చున్నోన్ని తాగుబోతు అంటాండారు. గ్లాసు మీద గ్లాసు తాగినన్నాళ్ళూ ఒక్కడూ అనలేదు. ఐజాక్ ఒక్కడే నా దగ్గరికొచ్చి, "మానేసే ఉండమను తల్లీ, మానేసినోన్ని నేనుండా. పోయిన క్రిస్మస్ నుంచి ముట్టలేదు" అన్నాడు. "ఎట్ల మానేస్తివి రా?" అంటే, "ఊరంతా తాగుబోతు తాగుబోతు అని మొహాన ఉమ్మితే మానకుండా ఎట్లుంటా తల్లీ" అన్నాడు.

ఏరువాక పున్నమికి మూడు దినాల ముందర తెలిసింది, ఈసారి మొదటి సాలు ఓబన్న చేత వేయిస్తారని. ఓబన్న మా వరసలో మరిది, వానికి మేడి పట్టడమే సరిగ్గా రాదు. తాగుబోతు చెయ్యి ఇత్తనం మీద పడకూడదని మా బావ చెప్పినాడంట. ఆ పొద్దు నుంచి ఆయప్ప సంగటి ముట్టలేదు.

"నా చెయ్యి ఇంగ పనికిరాదంట" అన్నాడు నాతో. "నువ్వు రాయించినావు."

"రాయించకపోతే సచ్చింటావు."

"సచ్చింటే మంచోనిగా సచ్చింటి."



పున్నమి నాడు ఆయప్ప కర్ర కూడా పట్టకుండా కుంటుకుంటా చేనికి పోయినాడు. నేను వెనకాలే పోతి. ముందరి రోజు వాన పడిండె, నేల మంచి పదును మీద ఉండాది. ఊరి మొగోళ్ళందరూ ఉండారు. కోడి తెగింది, సీసా మూత తీసినారు. ఆయప్ప అందరి నడుమకు పోయి, "అన్నా, నేను తాగుబోతునా?" అని అడిగినాడు.

మా బావ మీసం దువ్వినాడు. "నేను చెప్పేదేముండాది తమ్ముడా, గెనిమే చెప్తాది" అని గ్లాసు నింపినాడు.

నేను మధ్యలోకి పోతి. "బావా, ఆ గ్లాసు ఇస్తే మీ తమ్మున్ని మీ చేత్తో సంపినట్ల. డాక్టరమ్మ ఏమి చెప్పిందో ఆయప్పకు తెలుసు, నాకు తెలుసు, ఇప్పుడు మీకూ తెలుసు" అంటి.

"ఒక్క గ్లాసుకు ఏమైతాది వదినా" అన్నాడు ఓబన్న. దూరంగా నీళ్ళ బిందె మోసుకొస్తాండిన ఐజాక్ అది దించి, "తాగొద్దు బయ్యన్నా, మొదటిదే కష్టం, అది వదిలేస్తే సాలు" అన్నాడు. అందరూ పగలబడి నవ్వినారు. తాగుబోతు బుద్ధులు చెప్తాండాడు, వినండప్పా అన్నారు. చేన్లో ఉండే అంతమందిలో ఆ పొద్దు మందు ముట్టనోడు వాడొక్కడే.

నేను ఆయప్ప చెయ్యి పట్టుకున్నా. చెయ్యి అదరడంలేదు. ఎంత బాగా నిలబడిండాదో.

"పక్కకు జరుగు సుబ్బా" అన్నాడు. "నువ్వు రాసింది నేను తుడుచుకోవాల."

గుక్కలో తాగినాడు. కండ్లు మూసుకున్నాడు. ఆ మొహం నేను చూసినా. తప్పిపోయిన ఎద్దు దొరికినప్పుడు అట్ల ఉండె ఆయప్ప మొహం. గెనిమ ఎక్కినాడు. విరిగి అతుక్కున్న కాలు, వాన తడి, జానెడు గట్టు. కుంటినాడు గానీ తూలలేదు. ఆ కొనకు పోయి తిరిగినాడు, మళ్ళ ఈ కొనకు వచ్చినాడు. మా బావ కండ్లలో నీళ్ళు పెట్టుకొని తమ్మున్ని కౌగిలించుకున్నాడు. "మా వంశంలో తాగుబోతులు లేరని నేను ముందే చెప్పలేదా" అన్నాడు. ఈలలు వేసినారు. గొర్రు ఆయప్ప చేతికొచ్చింది. ఆ సంబరానికి ఇంకో గ్లాసు కూడా వచ్చింది.

ఆయప్ప మేడి పట్టి నా పక్క చూసి, "ఇత్తనం వెయ్యి, పదును పోతాండాది" అన్నాడు. ఆస్పత్రి మంచం మీద అన్న మాటే. నేను వేసినా. గిన్నె ఇసిరికొట్టి ఇంటికి పోయిండాల్సింది. పోలేదు. వేస్తా నడిచినా. ఇరవై నాలుగేండ్లు నడిచిన కాళ్ళు, వాటంతట అవే నడిచినాయి. ఊరిని తిడతాండా గదా, దీనికి నన్ను నేను తిట్టుకోని దినం లేదు.

మరుసటి పొద్దున ఆయప్ప చేతులు చూపించలేదు నాకు. గ్లాసు తీసుకొని బయటికి పోయినాడు. నేను పోసియ్యలేదు గానీ పోసేదానికి ఊర్లో మనుషులకు కరువా. దసరాకు కడుపు ఉబ్బింది, కండ్లు పచ్చబడినాయి. పచ్చకామెర్లు అన్నారు, ఆకు పసరు పోసినారు. నేను అనంతపురం పోదామంటే, "మళ్ళ ఆ పిల్ల దగ్గర నన్ను తాగుబోతు అనిపిస్తావా?" అన్నాడు. కార్తీకంలో, బుడ్డలు పీకుతాండిన దినాల్లో, వసారాలో కూర్చొని రక్తం కక్కుకున్నాడు. నేను ఒడిలో పట్టుకున్నా. ఆయప్పకు నలభై తొమ్మిదేండ్లు.

పూడ్చేటప్పుడు మా బావ సీసా తెచ్చి గుంతలో వంచినాడు. "మా తమ్ముడు ఎన్నడూ తూలలేదు" అని ఏడ్చినాడు. అవునవును అని అందరూ తలకాయలు ఊపినారు.

"తూలింటే బతికిండేవాడు" అంటి నేను. ఏడుపు ఆపి అందరూ నా పక్క చూసినారు. "రోడ్డు మీద పడింటే మీరే ఉమ్మి మాన్పించిండేవాళ్ళు, ఐజాక్‌ను మాన్పించినట్ల. తూలకుండా నడిచినాడని ఈలలు వేసి సంపితిరి." పిచ్చిపట్టింది దానికి, పక్కకు తీసుకుపోండి అన్నాడు మా బావ. ఇద్దరు ఆడోళ్ళు నా రెక్కలు పట్టుకొని ఇంటికి లాక్కొచ్చినారు. ఆ తర్వాత ఇంగ ఎవరూ రాలేదు.

మొన్న మంగళవారం మధ్యాన్నం ఉమాదేవి వచ్చింది. ఏడాదిన్నరకు నా గడప తొక్కిన మొదటి ఆడది. చేతిలో గిన్నె పట్టుకొని, మజ్జిగ తోడుకు వచ్చినా అంది. వాళ్ళింట్లో రెండు బర్రెలుండాయి. ఆ యమ్మ తోడుకు రాలేదని గిన్నె చూస్తానే తెలిసింది నాకు. కూర్చోమనలేదు. నిలబడే మాట్లాడింది.

"మీ బావకు పొద్దున్నే చేతులు అదురుతాండాయి సుబ్బమ్మా. గ్లాసు పోసిస్తే నిలబడతాయి. కడుపులో నొప్పి అంటాండాడు. రేపు అనంతపురం తీసుకుపోతాండాం. అక్కడ అడుగుతారంట కదా, అప్పుడు ఏమని చెప్పాల?"

"తాగుబోతని చెప్పక్కా. పదిమంది వినేట్టు చెప్పు."

ఆ యమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. బయటెవరైనా వింటాండారేమో అని వాకిలి పక్క చూసింది. "మీ బావ తాగుబోతు కాదు కదమ్మా" అంది. "నువ్వే చెప్పు, ఎన్నడన్నా తూలినాడా?"

నేను లోపలికి పోయి, గిన్నెలో తోడు వేసి తెచ్చి, ఆ యమ్మ చేతిలో పెట్టినా.

"నా మొగుడూ తూలలేదక్కా" అంటి.